సంక్రాంతి 14నా, 15నా? నక్షత్రాల ఏడాదికీ రుతువుల ఏడాదికీ మధ్య 20 నిమిషాల తేడా

డిసెంబరు ఆఖరు వారం వచ్చేసరికి తెలుగిళ్లలో ఏటా అదే ప్రశ్న: ఈసారి పెద్ద పండగ 14నా, 15నా? గోడ మీది క్యాలెండర్‌లో ఒక తేదీ ఉంటుంది. టీవీలో పంచాంగం చెప్పే సిద్ధాంతి గారు ఇంకో తేదీ చెబుతారు. ఉత్తరాది బంధువులు అప్పటికే ముందు రోజు శుభాకాంక్షలు పంపేస్తారు. సెలవు ఎప్పుడు పెట్టాలో తేలక ఉద్యోగులకు టెన్షన్, హైదరాబాద్ నుంచి రాజమండ్రికో శ్రీకాకుళానికో బయల్దేరేవాళ్లకు టికెట్ల టెన్షన్. ఉగాది, దసరా, దీపావళి తేదీలు ఎటూ మారతాయని అందరికీ తెలుసు. సంక్రాంతి ఒక్కటే ఇంగ్లిష్ తేదీ ప్రకారం కదలని పండగ అని నమ్మకం. ఆ నమ్మకానికి గండి పడటమే ఈ అయోమయానికి మూలం.

క్లుప్తంగా: సంక్రాంతిని నక్షత్రాలను బట్టి లెక్కిస్తారు. జనవరి, ఫిబ్రవరి నెలల క్యాలెండర్ రుతువులను బట్టి నడుస్తుంది. నక్షత్రాల ఏడాది రుతువుల ఏడాది కంటే సుమారు 20 నిమిషాలు ఎక్కువ. ఆ తేడా పోగై 72 ఏళ్లకు ఒక రోజు అవుతుంది. లీపు సంవత్సరాల వల్ల ఆ జరుగుడు నున్నగా సాగదు, నాలుగేళ్ల చక్రంలో ముందుకూ వెనక్కూ ఊగుతూ వెళుతుంది. దీనికి తోడు సంక్రమణం, అంటే సూర్యుడు మకరరాశిలోకి ప్రవేశించడం, పొద్దుగుంకాక జరిగితే పండగ ఏ రోజు చేయాలన్న నియమాలు ప్రాంతానికొకటి. అందుకే ఒకే ఏడాదిలో రెండు తేదీలు వినిపిస్తాయి.

సంక్రమణం ఒక్క క్షణం మాత్రమే

ఆకాశంలో సూర్యుడు ఏడాది పొడవునా నడిచినట్టు కనిపించే దారిని పన్నెండు సమాన భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని రాశి అన్నారు. ఒక్కో రాశి 30 డిగ్రీలు. సూర్యుడి బింబం మధ్యభాగం ధనూరాశి దాటి మకరరాశి గీతను తాకే క్షణమే మకర సంక్రమణం. అది ఉదయం కావచ్చు, అర్ధరాత్రి కావచ్చు. ఆ క్షణాన్ని ఏ తేదీ ఖాతాలో వేయాలన్నది మనుషులు పెట్టుకున్న నియమం. క్షణం ఖగోళ లెక్క, తేదీ ఆచారం. ఏటా జరిగే వాదనల్లో ఈ రెండూ కలగాపులగం అయిపోతుంటాయి.

మిగతా తెలుగు పండగలు చంద్రుడి తిథులను బట్టి వస్తాయి. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులే. సౌర సంవత్సరానికి పదకొండు రోజులు తక్కువ. ఈ లోటు పూడ్చడానికే రెండున్నరేళ్లకో, మూడేళ్లకో అధిక మాసం వస్తుంది. 2023లో అధిక శ్రావణం, 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది అందుకే. ఇస్లామిక్ క్యాలెండర్‌లో ఈ సర్దుబాటు ఉండదు కాబట్టి రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు వచ్చేస్తుంది. సంక్రాంతికి చంద్రుడితో పని లేదు. అందుకే అది కదలనట్టు కనిపిస్తుంది.

రెండు రకాల ఏడాదులు

ఏడాది అంటే ఏమిటన్న ప్రశ్నకు ఖగోళశాస్త్రంలో ఒక్క సమాధానం లేదు. సూర్యుడు ఒక నక్షత్రం దగ్గర బయల్దేరి మళ్లీ అదే నక్షత్రం దగ్గరికి చేరడానికి పట్టే కాలం నక్షత్ర సంవత్సరం. దీని పొడవు 365.25636 రోజులు. ఒక వసంతంలో పగలూ రాత్రీ సమానమైన క్షణం నుంచి మరుసటి వసంతంలో అదే క్షణం దాకా పట్టే కాలం రుతు సంవత్సరం, శాస్త్ర పరిభాషలో సాయన సంవత్సరం. దీని పొడవు 365.24219 రోజులు. రెండింటికీ తేడా 20 నిమిషాల 24 సెకన్లు.

ఎండలు, వానలు, చలి రుతు సంవత్సరాన్ని బట్టి వస్తాయి. 1582లో పోప్ గ్రెగరీ సంస్కరించిన క్యాలెండర్, అంటే ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నది, ఈ రుతు సంవత్సరానికి దగ్గరగా ఉండేలా తయారైంది. నాలుగేళ్లకోసారి లీపు సంవత్సరం ఉన్నా, వందల సంవత్సరాల్లో 400తో భాగింపబడేవే లీపు. 1900 లీపు కాదు, 2000 లీపు, 2100 మళ్లీ లీపు కాదు. దీని సగటు ఏడాది 365.2425 రోజులు. మన పంచాంగం పట్టుకున్నది నక్షత్ర సంవత్సరాన్ని. రెండు పద్ధతులూ తమ తమ లెక్కలో సరైనవే. రెండింటినీ ఒకే గోడ మీద వేలాడదీస్తే మాత్రం ఏడాదికి 20 నిమిషాల చొప్పున ఒకటి మరోదాని నుంచి దూరమవుతుంది. రోజుకు 1440 నిమిషాలు. 20తో భాగిస్తే 72 ఏళ్లు.

ఇది కాగితం మీది లెక్కేనా అన్న అనుమానానికి చరిత్రలో ఒక తేదీ జవాబు చెబుతుంది. స్వామి వివేకానంద 1863 జనవరి 12న కలకత్తాలో పుట్టారు. ఆ రోజు మకర సంక్రాంతి. దేశమంతా యువజన దినోత్సవం జనవరి 12న జరుపుకొని, సంక్రాంతి మాత్రం ఆ తర్వాత రెండు మూడు రోజులకు జరుపుకుంటోంది. 1863 నుంచి ఇప్పటికి 160 ఏళ్లు దాటాయి. 72తో భాగిస్తే రెండు రోజులకు పైగా తేడా రావాలి, అలాగే వచ్చింది.

నాలుగేళ్ల ఊగిసలాట

'72 ఏళ్లకు ఒక రోజు' అన్న మాట ఏటా వాట్సాప్‌లో తిరుగుతుంది. మాట సరైనదే కానీ, విన్నవాళ్లకు 72 ఏళ్లపాటు 14న నిలిచి, ఒక ఏడాది ఉన్నట్టుండి 15కు మారి, అక్కడే స్థిరపడుతుందన్న అభిప్రాయం కలుగుతుంది. నిజంగా జరిగేది వేరు.

నక్షత్ర సంవత్సరం 365 రోజుల మీద సుమారు 6 గంటల 9 నిమిషాలు ఎక్కువ. కాబట్టి సంక్రమణం ఏటా ఆరు గంటల పైచిలుకు ఆలస్యమవుతుంది. భారత కాలమానం ప్రకారం ఇటీవలి ఏళ్లు చూస్తే: 2022లో జనవరి 14 మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో, 2023లో 14 రాత్రి తొమ్మిదికి కాస్త ముందు, 2024లో 15 తెల్లవారుజామున మూడుకు కాస్త ముందు సూర్యుడు మకరంలోకి ప్రవేశించాడు. 2024 లీపు సంవత్సరం. ఫిబ్రవరిలో ఒక రోజు అదనంగా చేరడంతో 2025లో సంక్రమణం ఒక్కసారిగా 14 ఉదయం తొమ్మిది గంటల ప్రాంతానికి వెనక్కి వచ్చింది. 2026లో మధ్యాహ్నం మూడు గంటలకు చేరింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటి ఉంది. లీపు రోజు 24 గంటలు వెనక్కి లాగుతుంది. నాలుగేళ్లలో పోగయ్యే ఆలస్యం మాత్రం 24 గంటల 37 నిమిషాలు. ఆ 37 నిమిషాలు మిగిలిపోతాయి. అందుకే ప్రతి నాలుగేళ్ల చక్రమూ ముందటి చక్రం కంటే అరగంట పైచిలుకు ఆలస్యంగా నడుస్తుంది. 2000లో సంక్రమణం 14వ తేదీ రాత్రి పదకొండు గంటల ప్రాంతంలో జరిగింది. 2008 నాటికి లీపు సంవత్సరపు సంక్రమణం అర్ధరాత్రి గీత దాటి 15లోకి అడుగుపెట్టింది. 

నూరేళ్ల మలుపుల దగ్గర ఇంకో కుదుపు ఉంటుంది. 1900 లీపు కానందున ఆ ఏడాది వెనక్కి రావాల్సిన రోజు రాలేదు. దాంతో సంక్రాంతి ఒక రోజు తర్వాతి తేదీకి దూకింది. 2000 లీపు కావడంతో అలాంటి దూకుడు తప్పింది. ఇరవయ్యో శతాబ్దంలో పుట్టి పెరిగిన తరాలకు సంక్రాంతి అంటే 14 అని గట్టిగా మనసులో పడిపోవడానికి ఈ రెండు మలుపుల మధ్య దొరికిన నిలకడే కారణం. అది శాశ్వత నియమం కాదు, క్యాలెండర్ చేసిన చిన్న ఉపకారం.

ఒకే క్షణం, వేర్వేరు తేదీలు

సంక్రమణ క్షణం దేశమంతటికీ ఒకటే. దానికి తేదీ కట్టే పద్ధతులు మాత్రం నాలుగైదు ఉన్నాయి. సౌరమాసాల లెక్కలో ఒడిశా సంప్రదాయం సంక్రమణం జరిగిన రోజునే లెక్కలోకి తీసుకుంటుంది. తమిళ సంప్రదాయంలో సూర్యాస్తమయం లోపు జరిగితే ఆ రోజు, దాటితే మరుసటి రోజు. కేరళలో గీత ఇంకా ముందే ఉంటుంది. పగటిని అయిదు భాగాలు చేస్తే మూడు భాగాలు గడిచేలోగా, అంటే మధ్యాహ్నం ఒంటిగంట దాటిన కాసేపటి లోపు జరగాలి. బెంగాల్‌లో అర్ధరాత్రి గీత. తెలుగునాట సంక్రమణం ఎప్పుడు జరిగిందన్నదాని కంటే, స్నానదానాలకు, తర్పణాలకు తగిన పుణ్యకాలం పగటిపూట ఎప్పుడు దొరుకుతుందన్నదే చూస్తారు. రాత్రి సంక్రమణమైతే పండగ మర్నాటికి వెళుతుంది.

2023 దీనికి మంచి ఉదాహరణ. ఆ ఏడాది సంక్రమణం 14 రాత్రి జరిగింది. శబరిమలలో మకరజ్యోతి 14 సాయంత్రమే వెలిగింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో భోగి 14న, సంక్రాంతి 15న చేసుకున్నారు. మాల వేసుకుని శబరిమల వెళ్లిన తెలుగు అయ్యప్ప భక్తుల ఇళ్లలో స్వామి మకరజ్యోతి చూసిన నాటికి ఇంకా భోగి మంటల బూడిద ఆరలేదు. 2025లో సంక్రమణం పొద్దున్నే జరగడంతో ఏ పేచీ లేకుండా రెండూ 14నే వచ్చాయి. 2026లో మధ్యాహ్నం మూడు గంటల సంక్రమణం మళ్లీ చిక్కు తెచ్చింది. ఉత్తరాదిన చాలాచోట్ల 14న, తెలుగు రాష్ట్రాల సెలవుల జాబితాలో 15న.

పంచాంగ గణిత పద్ధతుల తేడా ఇంకో పొర. కొన్ని పంచాంగాలు సూర్యసిద్ధాంతం లాంటి ప్రాచీన గ్రంథాల సూత్రాలతో లెక్కిస్తాయి. కొన్ని ఆధునిక పరిశీలనలతో సరిపోయే దృగ్గణితాన్ని అనుసరిస్తాయి. సూర్యసిద్ధాంతపు ఏడాది 365.25876 రోజులు. అసలు నక్షత్ర సంవత్సరం కంటే ఇది మూడున్నర నిమిషాలు మాత్రమే ఎక్కువ. దూరదర్శిని లేని కాలానికి ఇంత దగ్గరి లెక్క కట్టడం మామూలు సంగతి కాదు. అయితే శతాబ్దాలు గడిచేకొద్దీ ఆ మూడున్నర నిమిషాలూ పోగుపడి, రెండు పంచాంగాల సంక్రమణ సమయాలు గంటల తేడాతో కనిపిస్తాయి. సంక్రమణం సాయంత్రం వేళకు దగ్గరగా పడిన ఏడాది ఆ తేడాయే తేదీని మార్చేస్తుంది.

విదేశాల్లోని తెలుగువాళ్లకు లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. 2026లో భారత కాలమానం ప్రకారం 14 మధ్యాహ్నం మూడు గంటలంటే న్యూజెర్సీలో అదే 14 తెల్లవారుజామున నాలుగున్నర. అక్కడ పగలంతా మిగిలే ఉంది కాబట్టి పండగ 14నే చేసుకోవచ్చు. విజయవాడలో ఉన్న అమ్మానాన్నలకు 15, న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న పిల్లలకు 14 వస్తే ఎవరిదీ తప్పు కాదు. ఇండియా పంచాంగంలోని తేదీని అక్కడ యథాతథంగా పాటించడం కంటే స్థానిక సమయంతో లెక్కించిన పంచాంగం చూడటమే శాస్త్ర సమ్మతం.

భూమి అక్షం ఎందుకు తిరుగుతోంది?

ఆ 20 నిమిషాల తేడా ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు ప్రశ్న. భూమి నిండు గోళం కాదు. తన చుట్టూ తాను తిరగడం వల్ల నడుము దగ్గర ఉబ్బింది. భూమధ్యరేఖ మీది వ్యాసం ధ్రువాల మధ్య వ్యాసం కంటే సుమారు 43 కిలోమీటర్లు ఎక్కువ. చంద్రుడూ సూర్యుడూ ఈ ఉబ్బును తమ వైపు లాగుతూ, వాలి ఉన్న భూమిని నిటారుగా నిలబెట్టాలని చూస్తుంటారు. తిరుగుతున్న వస్తువు అలాంటి బలానికి నేరుగా లొంగదు. వేగం తగ్గిన బొంగరం తల గుండ్రంగా తిప్పినట్టు భూమి అక్షం కూడా ఆకాశంలో నెమ్మదిగా ఒక వలయం గీస్తుంది. ఒక చుట్టుకు దాదాపు 25,800 ఏళ్లు. ఏడాదికి 50 వికలల చిల్లర (3600 వికలలు ఒక డిగ్రీ). ఒక డిగ్రీ జరగడానికి సుమారు 72 ఏళ్లు.

అక్షం ఎటు చూస్తే అటువైపున్న నక్షత్రం ధ్రువనక్షత్రం అవుతుంది. అయిదు వేల ఏళ్ల కిందట ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉన్నది ఇప్పటి ధ్రువనక్షత్రం కాదు, దాని పేరు థూబన్. ఇంకో 12 వేల ఏళ్లకు అభిజిత్ నక్షత్రం ఆ చోటికి దగ్గరవుతుంది. అక్షంతో పాటే వసంత విషువత్తు, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే బిందువు కూడా నక్షత్రాల నేపథ్యంలో పడమటికి జరుగుతూ ఉంటుంది. సూర్యుడు నక్షత్రాల చుట్టు పూర్తి చేయకముందే ఆ బిందువు ఎదురొచ్చేస్తుంది. అలా ఎదురు రావడం వల్ల మిగిలిన దూరమే ఆ 20 నిమిషాలు.

ఈ సంగతిని క్రీస్తు పూర్వం రెండో శతాబ్దంలో గ్రీకు ఖగోళవేత్త హిప్పార్కస్ గుర్తించాడు. మన దేశంలో దీన్ని అయన చలనం అన్నారు. విషువత్తుకూ మేషరాశి మొదలుకూ మధ్య పెరిగిన దూరానికి అయనాంశ అని పేరు. ప్రస్తుతం అధికారికంగా వాడే లెక్కలో అది 24 డిగ్రీలు దాటింది.

ఉత్తరాయణం ఎప్పుడు మొదలైనట్టు?

సంక్రాంతితో ఉత్తరాయణ పుణ్యకాలం మొదలవుతుందన్నది ఆచారం. ఆకాశంలో సూర్యుడు దక్షిణం చివర నుంచి ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21 లేదా 22న. రెండింటికీ 24 రోజుల తేడా. ఒకప్పుడు ఇవి రెండూ ఒకే రోజు వచ్చేవి. అధికారిక లెక్క ప్రకారం క్రీస్తు శకం 285 ప్రాంతంలో.

ఈ జరుగుడు ప్రాచీనుల కళ్లు కప్పలేదు. ఆరో శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో ఈ మాట సూటిగా రాశాడు. పూర్వ శాస్త్రాలు ఉత్తరాయణం ధనిష్ఠ మొదట్లో ఆరంభమైనట్టు చెబుతున్నాయి, ఇప్పుడది మకరం మొదట్లో జరుగుతోంది, ఇకముందు తేడా వస్తే ప్రత్యక్షంగా చూసి నిర్ధారించుకోవాలి అన్నాడు. అంటే మకర సంక్రాంతి ఉత్తరాయణంతో ముడిపడటం ఆయన కాలంలో కళ్లకు కనిపించిన వాస్తవం. పాత పాఠాన్ని పక్కనపెట్టి, చూసిందే రాసుకున్న ముడి అది. తర్వాతి తరాలు ఆ ముడిని కాపాడుకున్నాయి, ఆయన చెప్పిన 'చూసుకోండి' అన్న మాటను అంతగా పట్టించుకోలేదు.

పట్టించుకోకపోవడానికి గణితంలోనూ ఒక కారణం ఉంది. సూర్యసిద్ధాంతం ప్రకారం అయన చలనం ఒకే దిక్కుగా సాగదు. 27 డిగ్రీల దాకా వెళ్లి వెనక్కి తిరిగి, అటువైపు మరో 27 డిగ్రీలు వెళ్లి మళ్లీ వస్తుంది. ఈ లెక్క నిజమైతే తేడా ఎప్పటికీ 27 రోజుల చిల్లర మించదు. పైగా క్రీస్తు శకం 2300 ప్రాంతంలో తనంతట తానే తగ్గడం మొదలవుతుంది. అలాంటప్పుడు సవరణ అవసరమే లేదు. భౌతికశాస్త్రం ప్రకారం మాత్రం ఈ చలనానికి వెనుదిరగడం లేదు.

'సంక్రాంతి నుంచి పగలు పెరుగుతుంది' అన్న మాటను తెలుగు రాష్ట్రాల్లో గడియారం పెట్టి చూస్తే ఇంకో విచిత్రం బయటపడుతుంది. పగటి పొడవు డిసెంబరు 22 నుంచే పెరుగుతున్నా సూర్యోదయం మాత్రం ఇంకా ఆలస్యమవుతూనే ఉంటుంది. హైదరాబాద్‌లో డిసెంబరు 21న ఉదయం 6.41 ప్రాంతంలో సూర్యోదయం అయితే, సంక్రాంతి నాటికి 6.48 దాటుతుంది. ఏడాది మొత్తం మీద సూర్యుడు అత్యంత ఆలస్యంగా ఉదయించేది దాదాపు పండగ రోజుల్లోనే. పెరిగిన పగలంతా సాయంత్రం వైపే చేరుతుంది. ఆ మూడు వారాల్లో సూర్యాస్తమయం పావుగంట దాకా ఆలస్యమవుతుంది.

దీనికి కారణం భూమి కక్ష్య, అక్షపు వాలు కలిసి చేసే పని. జనవరి మొదటి వారంలో భూమి సూర్యుడికి అత్యంత దగ్గరగా వచ్చి వేగంగా నడుస్తుంది. ఒక మధ్యాహ్నం నుంచి మరో మధ్యాహ్నానికి ఆ రోజుల్లో 24 గంటల కంటే కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది. ఫలితంగా సూర్యుడు నడినెత్తికి వచ్చే సమయమే డిసెంబరు 21 నుంచి సంక్రాంతికి 11 నిమిషాల దాకా ఆలస్యమవుతుంది. పగటి పెరుగుదల సూర్యోదయాన్ని నాలుగు నిమిషాలు తొందర చేస్తే ఈ జరుగుడు పదకొండు నిమిషాలు ఆలస్యం చేస్తుంది. భోగి రోజు తెల్లవారుజామున చలి మంట దగ్గర ఎంతకీ తెల్లవారనట్టు అనిపిస్తే అది ఊహ కాదు.

కార్తెలూ జరుగుతున్నాయి

తేదీ 14 అయినా 15 అయినా కోడి పందేలకూ గాలిపటాలకూ పెద్ద తేడా రాదు. అయన చలనం ప్రభావం నిజంగా తగిలే చోటు పొలం. తెలుగు రైతులు వానలను కార్తెలతో లెక్కపెట్టుకుంటారు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులే ఒక కార్తె. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మే 25 ప్రాంతంలో రోహిణి మొదలై, జూన్ 7, 8 తేదీల్లో మృగశిర వస్తుంది. నైరుతి రుతుపవనాలు తెలుగు నేలను తాకేదీ దాదాపు అప్పుడే. మృగశిర ప్రవేశించిందంటే చల్లబడుతుందని, విత్తనాలు సిద్ధం చేసుకోవాలని ఊరూరా తెలుసు. హైదరాబాద్‌లో ఆ రోజు చేపల మార్కెట్లు కిటకిటలాడతాయి.

కార్తెలు కూడా సంక్రాంతిలాగే నక్షత్రాల లెక్క. రుతుపవనాలు రుతువుల లెక్క. అయన చలనం వేగాన్ని బట్టి చూస్తే వెయ్యేళ్ల కిందట మృగశిర కార్తె రుతువులతో పోలిస్తే రెండు వారాలు ముందే, అంటే ఇప్పటి మే చివరి వారానికి సమానమైన రోజుల్లో వచ్చేది. అప్పట్లో తొలకరికి దగ్గరగా ఉన్నది మృగశిర తర్వాతి ఆరుద్ర కార్తె అయి ఉండాలి. వెయ్యేళ్ల తర్వాత మృగశిర జూన్ 21 దాకా జరిగిపోతుంది. ఈ లెక్కన రోహిణి ఎండల సామెత ఎంత పాతదైనా మరీ పాతది కాదు. రెండు వేల ఏళ్ల కిందట రోహిణి కార్తె ఏప్రిల్ చివర్లోని ఎండలతో సరిపోయేది. రోళ్లు పగిలే ఎండలు అప్పుడు మరో కార్తె ఖాతాలో ఉండేవి.

ఒక మనిషి జీవితకాలంలో వచ్చే తేడా ఒక్క రోజే. తొలకరి ఏటా వారం, పది రోజులు అటూ ఇటూ అవుతూనే ఉంటుంది. ఆ ఒడుదొడుకుల్లో ఈ ఒక్క రోజు ఎవరికీ కనిపించదు. అందుకే ఏ తరానికీ కార్తె తప్పినట్టు అనిపించదు. కార్తెల సామెతలు చెక్కుచెదరకుండా నిలవడానికి కారణం అవి మారకపోవడం కాదు, మారినట్టు తెలియకుండా మళ్లీ మళ్లీ కొత్త కార్తెకు అతుక్కోవడం కావచ్చు.

సరిదిద్దే ప్రయత్నాలు

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ముప్పైకి పైగా క్యాలెండర్లు వాడుకలో ఉన్నాయి. వాటిని పరిశీలించడానికి 1952లో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షతన క్యాలెండర్ సంస్కరణ సంఘాన్ని నియమించింది. నిర్మల్ చంద్ర లాహిరి కార్యదర్శి. 1955లో నివేదిక వచ్చింది. దాని ఫలితంగా 1957 మార్చి 22న, శక సంవత్సరం 1879 చైత్రం 1వ తేదీతో జాతీయ పంచాంగం అమల్లోకి వచ్చింది. ఇది పూర్తిగా రుతువులను అనుసరించే క్యాలెండర్. దీని ప్రకారం పౌష్యం డిసెంబరు 22న మొదలవుతుంది, అంటే సూర్యుడు ఉత్తరానికి మళ్లే వేళకే. భారత ప్రభుత్వ గెజిట్ మీద ఇప్పటికీ ఈ తేదీ అచ్చవుతుంది. ఆ తేదీ చూసి ఏదైనా పని పెట్టుకునే మనిషి దొరకడం మాత్రం కష్టం.

పండగల విషయంలో సంఘం జాగ్రత్తగా అడుగేసింది. ఒక్కసారిగా 23 రోజులు వెనక్కి లాగితే జనం ఒప్పుకోరని గ్రహించి, కనీసం అప్పటికున్న తేడా ఇక పెరగకుండా అయనాంశను 23 డిగ్రీల 15 నిమిషాల దగ్గర నిలిపేద్దామని సూచించింది. ఆ సూచన అమలై ఉంటే సంక్రాంతి 14వ తేదీ దరిదాపుల్లోనే స్థిరపడిపోయేది. పంచాంగకర్తలు చిత్రా నక్షత్రాన్ని ఆధారంగా చేసుకున్న అయనాంశ విలువను తీసుకున్నారు, ఇప్పుడు లాహిరి అయనాంశగా ప్రసిద్ధమైనది అదే. దాన్ని ఆపేద్దామన్న మాటను మాత్రం తీసుకోలేదు.

పొరుగు దేశాలు వేరే దారులు పట్టాయి. బంగ్లాదేశ్ 1980లలో తన బెంగాలీ క్యాలెండర్‌ను సంస్కరించి కొత్త సంవత్సరాన్ని ఏప్రిల్ 14కు కట్టేసింది. సరిహద్దుకు ఇవతల పశ్చిమ బెంగాల్ పాత నక్షత్ర పద్ధతిలోనే ఉండటంతో అక్కడ అదే పండగ సాధారణంగా ఏప్రిల్ 15న వస్తుంది. ఒకే భాష, ఒకే పండగ, రెండు తేదీలు. థాయ్‌లాండ్‌లో మేష సంక్రాంతి పండగ సోంగ్‌క్రాన్‌ను ఏప్రిల్ 13 నుంచి 15 వరకు ప్రభుత్వమే స్థిరం చేసింది. అక్కడ జనవరిలోనే టికెట్లు బుక్ చేసుకుంటారు, ఎవరినీ అడగాల్సిన పని లేదు. స్థిరమైన తేదీతో పాలనకు సుఖం. బదులుగా ఆకాశంలోని గీతతో సంబంధం తెగిపోతుంది. నక్షత్ర పద్ధతిలో ఆ సంబంధం నిలుస్తుంది, రుతువుతో సంబంధం సడలుతుంది. రెండూ దక్కే క్యాలెండర్ భూమి అక్షం ఇలా తిరుగుతున్నంత కాలం సాధ్యం కాదు.

రానున్న ఏళ్లలో

సూర్యాస్తమయాన్ని గీతగా తీసుకుంటే, ఇప్పుడు లీపు తర్వాతి రెండేళ్లూ 14కు, మిగతా రెండేళ్లూ 15కు దక్కుతున్నాయి. 2040ల మధ్యకు లీపు తర్వాతి రెండో ఏడాది కూడా 15లో కలుస్తుంది. 2080లు వచ్చేసరికి 14 దాదాపు కనుమరుగవుతుంది. 2100 లీపు కానందున మళ్లీ 1900 నాటి కుదుపు వస్తుంది, సంక్రమణం 15 రాత్రికీ 16కూ చేరుతుంది. అప్పటికి '15నా, 16నా' అన్నది వాదన అవుతుంది.

దగ్గరి ఏళ్ల సంగతి చూస్తే: 2027లో సంక్రమణం జనవరి 14 రాత్రి తొమ్మిది దాటాక, కాబట్టి తెలుగు రాష్ట్రాల్లో పండగ 15న. 2028లో 15 తెల్లవారుజామున, పండగ 15నే. 2028 లీపు సంవత్సరం కావడంతో 2029లో సంక్రమణం 14 ఉదయం తొమ్మిదిన్నర, పది గంటల మధ్యకు వస్తుంది. ఆ ఏడాది ఏ పద్ధతిలో చూసినా 14నే, భోగి 13న. ఊరెళ్లే రైలుకు ఒక రోజు ముందే టికెట్ తీసుకోవాలి.